మక్కలు ఆరబోసే జాగ

ఎల్లారెడ్డి శివారులో ఒక చిన్న ప్రైవేటు బడి. దాని పక్కనే తన కళ్లంలో ఒక పెద్దావిడ మక్కజొన్నలు ఆరబోస్తుంటే, బడి నడిపే సారు కాగితం పట్టుకుని వచ్చాడు.

“ఈ జాగ మా బడికి కిరాయికియ్యి అవ్వా.”

“ఎందుకు సారూ?”

“కూలోళ్ల పిల్లల ఫీజు సర్కారే కట్టే పథకం ఉన్నది. అందుల మా బడి చేరాలంటే ఆటస్థలం ఉండాలె. మాకేమో లేదు.”

“ఆఫీసర్లు కొలిచిపోయేదాకనే కావాల్నా?”

“కాదవ్వా. పిల్లలు రోజూ ఆడుతరు.”

“మరి నా మక్కలు?”

“ఏటా దసరా సెలవులల్ల ఆరబోసుకో. అప్పుడు బడి ఉండదు.”

“మా మనుమరాలికి సీటిస్తవా?”

“ఇస్తనంటే అబద్ధమైతది. సర్కారు ఆఫీసులనే చిట్టీలు తీస్తరు. పేరు వస్తేనే సీటు.”

ఆమె కాసేపు మక్కలను కాలితో తిరగేసింది.

“రాకపోతే?”

“నా చేతుల లేదవ్వా.”

“ఇస్తనని అబద్ధం చెప్తే నిన్ను ఎల్లగొడుతుంటి. తే, ఏలుముద్ర ఏస్త. కానీ ఈ జాగకు గేటు పెట్టినా, బడి ఇడిసినంక తాళమెయ్యకు.”

“ఎందుకవ్వా?”

“చిట్టీల పేరు రాని పిల్లలు ఎక్కడ ఆడుకోవాలె సారూ?”