శిరివెళ్ల దారిలో దీపం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డు. ఎండెక్కుతున్న వేళ. కారు నడుపుతున్నది నూనె మిల్లు భాస్కరయ్య. పక్కన భార్య కృష్ణకుమారి, వెనక సీట్లో తల్లి మహానందమ్మ.

"ఈ కారు అమ్మొద్దని నేనంటాండా, అమ్మేసినానని మీరంటాండారు. ఇంగ మాట్లాడేదేముంది?"

"ఏం లేదు గదా? అయితే మాట్లాడొద్దు కుమారీ. ఆళ్లగడ్డలో శేషయ్య కాసుకోనుండాడు. రాహుకాలం రాకముందే తాళంచెవి ఆయప్ప చేతిలో పెట్టల్ల."

"పెండ్లిలో పదిమంది ముందర గొప్పకు పోయి, నచ్చితే తీసుకోపో శేషయ్యా అంటిరి. ఆయప్ప సరే అనె. దీన్ని అమ్మడమంటారా?"

"మాటంటే మాటే. అయినా కారుతో నీకేం పని? మిల్లు వెనక బయల్లో గుండ్రంగా తిప్పేదేనా? కాయలు ఎండబోసే ఆడోళ్లు నిన్ను చూసి పరిగెత్తాండారు."

"మొదట్లో పరిగెత్తిరి. ఇప్పుడు జరుగుతాండారు, అంతే."

"అమా, విన్యావా నీ కోడలి మాట?"

"నన్ను కలపొద్దు నాయనా. నేను కండ్లు మూసుకోనుండా."

"ఏమండీ."

"మళ్లా ఏందీ?"

"ఎర్ర లైటు ఎలిగింది."

"యాడ?"

"మీ ముక్కు ముందర. స్టీరింగు వెనకాల."

"ఓ, అదా. అది ఎలుగుతాది."

"ఎలుగుతాదంటే?"

"ఎలుగుతాది, ఆరుతాది. పాతబండికి అట్లాంటివి వంద ఉంటాయి. మనకు దీన్ని అమ్మిన డోన్ ఊరి డాక్టరు చూసీ చూడనట్ల పొయ్యుంటాడు."

"ఆ డాక్టరు ఇచ్చిన పుస్తకం నేను చదివినా. ఇంజనులో నూనె తగ్గితే ఆ లైటు ఎలుగుతాదంట. ఎలిగిన తక్షణం బండి పక్కకు తీసి ఇంజను ఆపల్లంట. లేకుంటే ఇంజను పట్టేస్తాదంట."

"ఏం తగ్గితే?"

"నూనె."

"కుమారీ, నేనెవరు?"

"భాస్కరయ్య."

"ఏం భాస్కరయ్య?"

"నూనె మిల్లు భాస్కరయ్య."

"ఆ. నూనె మిల్లు భాస్కరయ్య బండిలో నూనె లేదని ఆ బుడ్డి లైటు చెప్తాదా? అది చెప్తే నువ్వు నమ్ముతావా?"

"లైటుకు మీరెవరో తెలీదు గదా."

"శిరివెళ్ల దాటనీ. ఆళ్లగడ్డ చేరినాక శేషయ్యే చూసుకుంటాడు."

"చచ్చిన ఇంజను చేతిలో పెట్టి మాట నిలబెట్టుకుంటారా? ఆపండి."

"ఆపను."

"టకటకమని చప్పుడొస్తాండాది, వినండి."

"అవి నీ గాజులు."

"గాజులు గట్టిగా పట్టుకున్నా. ఇంకా వస్తాండాది."

"అయితే రోడ్డు."

"ఏందిరా మీ గోల? ఏం ఎలిగింది?"

"ఏం లేదుమా. నువ్వు పండుకో."

"తల పక్కకు తీయి, చూడనీ. కండ్లద్దాలు యాడ పెట్టినా... ఆ. ఓయమ్మా! ఓ నాయనా! దీపం!"

"దీపమేందిమా?"

"నీకు కండ్లు లేవా? అదో ప్రమిద. అదో మూతి. మూతి కాడ నూనె చుక్క గూడా ఉండాది. అంత ఎర్రగా నిలబడి ఎలుగుతాంటే దీపమేందంటావా?"

"అత్తా, అది దీపం కాదు, అది..."

"నువ్వుండు మే. భాస్కరా, దాన్ని నువ్వు ముట్టించినావా?"

"లేదుమా."

"కుమారి ముట్టించిందా?"

"లేదు. ఎవరూ ముట్టించలే. అదే ఎలిగింది."

"అదే ఎలిగిందంట! దానంతట అది ఎలిగిన దీపానికి దణ్ణం గూడా పెట్టకుండా పోతాండావే, మీ నాయనకు పుట్టినోడివేనా నువ్వు? ఆపు."

"అమా, రాహుకాలం..."

"ఆపుతావా, నేనే తలుపు తీసి దూకల్లా?"

"తలుపు మీద చెయ్యి తీయి! ఆపుతాండా, ఆపుతాండా. అదో, వేపచెట్టు కింద ఆపినా. చాలా?"

"నేను అంతసేపు మొత్తుకుంటే ఆపలేదే?"

"నువ్వు పుస్తకం చెప్పినావు. ఆమె దూకుతానంటాండాది."

"సరే, ఇంజను ఆపండి."

"ఆర్పొద్దు! ఒరే భాస్కరా, ఆ తాళంచెవి తిప్పితే దీపం ఆరిపోదా? దణ్ణం పెట్టుకునేదాకా ఎలుగుతానే ఉండల్ల. చేతులారా దీపం ఆర్పుతారా ఎవురన్నా?"

"వింటివా కుమారీ? ఇంజను ఆపితే దీపం ఆరుతాదని ఈమె. ఆపకుంటే ఇంజను పోతాదని నువ్వు. నన్నేం చేయమంటారు? రోడ్డుకడ్డంగా పండుకోమంటారా?"

"చెయ్యి తీయండి. ఇట్ల తిప్పితే ఇంజను ఆగింది. మళ్లా ముందుకు ఇంత తిప్పి వదిలితే... అదో. ఇంజను ఆగే ఉండాది, దీపం ఎలుగుతానే ఉండాది."

"అరె!"

"చూస్తివా నా కోడల్ని!"

"ఇది నీకెట్ల తెలుసు?"

"గుండ్రంగా తిప్పేటప్పుడు ఆడాడ ఆపల్ల గదా. అత్తా, బేగా దణ్ణం పెట్టుకోండి, బ్యాటరీ దిగిపోతాది. ఏమండీ, మీరు బానెట్ ఎత్తి నూనె కొలిచే ఆ కడ్డీ లాగి చూడండి."

"చూస్తా. చూసి నీకు చూపిస్తా. నూనె కారతాంటాది, నీ చీర జాగ్రత్త. ఇదో... ఇదో..."

"ఏం?"

"తడి లేదే."

"ఏం లేదు?"

"గట్టిగా అడగొద్దు. ఎవరూ వినలే గదా?"

"ఆ పక్కన మేసే గొర్లు విన్నాయి. నిన్న మీరు దీన్నేమన్నా చేసినారా?"

"నేనేం చేయలే."

"చేయలేదా?"

"చేయలేదంటే... నూనె మార్చినా. కింద బిరడా తీసి చూస్తే నల్లగా కారె. కాటుక మాదిరి! శేషయ్య ఆ కడ్డీ లాగి చూసినాడనుకో. భాస్కరయ్య నూనె ఇంత నల్లగా ఉంటాదా అని ఆళ్లగడ్డంతా చెప్పడా? నేను మిల్లు మూసుకోవల్ల."

"అది ఇంజను ఆయిలండీ. పాతదైతే నల్లగానే ఉంటాది."

"నా పేరు మీదుండే ఏ నూనే నల్లగా ఉండగూడదు. అంతా తీసేసి అంగట్లో కొత్త ఆయిలు తెచ్చి పోసినా. తేటగా, తేనె మాదిరి."

"ఎంత పోసినారు?"

"కడ్డీకి అంటేంత."

"అంటేంతా?"

"మంచి నూనె గదా, కొంచెం చాలనుకుంటి."

"మిల్లులో గిరాకీలకు గూడా ఇట్లే కొలుస్తారా?"

"ఎగతాళి చాలు. డిక్కీలో డబ్బా ఉండాది. శేషయ్యకని తెచ్చిన వేరుశనగ నూనె. అది పోద్దాం."

"పోస్తే ఆళ్లగడ్డ చేరేలోపల ఇంజను బజ్జీలేస్తాది."

"నా నూనెకేం తక్కువ?"

"ఏం తక్కువ లేదు, వడలకు."

"ఏం శెట్టీ! ట్రాక్టరు మీద పోతా పోతా చూసి ఆపినా. తల్లి లోపల దణ్ణాలు పెడతాండాది, కొడుకు బయట తల పట్టుకోనుండాడు. ఏందీ కథ?"

"యేసుదాసా! దేవుడు పంపినట్ల వస్తివి. ట్రాక్టరులో ఇంజను ఆయిలు డబ్బా ఏమన్నా పెట్టుకోనుండావా?"

"ఉండాది. ఎవరికి?"

"ఒకరికి."

"ఒకరికంటే?"

"ఈ కారుకే అన్నా. ఎండిపోయింది."

"నూనె మిల్లు శెట్టి కారులో నూనె లేదా! ఓర్నాయనో! ఎవరన్నా పట్టుకోండప్పా, ట్రాక్టరు మీద నుంచి పడేటట్లుండా!"

"నవ్వింది చాలు, ఇయ్యి."

"ఇస్తా, ఇస్తా. మా శిరివెళ్ల కాయలన్నీ పిండుకున్న శెట్టికి నేను నూనె పోసేది! మా ఊర్లో చెప్పొచ్చునా?"

"చెప్పొద్దు."

"ఒక్కరికి?"

"డిక్కీలో వేరుశనగ నూనె డబ్బా ఉండాది. అది తీసుకోపో, నోరు మూసుకో."

"డబ్బానా? అయితే మా ఇంటి ఆడమనిషికి గూడా చెప్పను."

"అన్నా, నిదానంగా పోయి. చాలు, ఉండు. ఏమండీ, కడ్డీ తుడిచి మళ్లా ముంచి చూడండి."

"గీత కాడికొచ్చింది."

"ఆ గీత కోసమే కడ్డీ పెట్టింది. నేను ఇంజను ఏస్తాండా, జరగండి... ఆ. చప్పుడు గూడా పోయింది."

"లైటు? లైటేమాయె?"

"ఆరిపోయిందండీ!"

"ఏమంటివి మే?"

"కాదత్తా, కాదు. కొండెక్కింది, కొండెక్కింది."

"ఆ. అట్ల చెప్పు. మన దీపం మహానంది కొండెక్కింది."

"ఎక్కనీ. ఇంగ పోదాం ఆళ్లగడ్డకు."

"యాడికి?"

"శేషయ్య కాడికిమా. బండి ఇచ్చేదానికి."

"దానంతట అది దీపం ఎలిగిన బండిని పరాయోని చేతిలో పెడతావా? పూజింట్లో దీపం ఎత్తి పక్కింటోనికి ఇస్తామా? తిప్పు నంద్యాలకు."

"మాటిచ్చినా గదమా! నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

"శేషయ్యకు నేను చెప్తా. దీపం ఎలిగింది, చుక్క కారింది, కొండెక్కిందని చెప్తా. ఆయప్ప మనకంటే భక్తుడు. బతిమాలినా తీసుకోడు."

"ఏమే, నువ్వన్నా చెప్పవేందీ?"

"నేను పుస్తకం చెప్పేదాన్ని. మీరు వినరు గదా."

"శెట్టీ! నా డబ్బా!"

"వస్తాండా, వస్తాండా! అట్ల అరవద్దప్పా, ఊరంతా వింటాది. తాళాలియ్యి కుమారీ, డిక్కీ తీసిచ్చొస్తా."

"ఇదో... అత్తా."

"ఏం మే?"

"ఆయన అవతలికి పోయినారు కాబట్టి చెప్తాండా. మీరంత భక్తిగా దణ్ణం పెడతాంటే నేను ఊరకుండేది బాగలేదు. అది దీపం కాదత్తా. నూనె డబ్బా బొమ్మ. నూనె తగ్గిందని చెప్పే లైటు."

"తెలుసు."

"...తెలుసా?"

"నూనె మిల్లు ఇంటికి కోడలయి వచ్చి నెత్తి నెరిసింది నాకు. నూనె డబ్బా ఏదో, ప్రమిద ఏదో తెలీదా?"

"మరి ఆ దణ్ణాలు? ఆ దూకుతాననేది?"

"నువ్వు నూనె అంటే వాడు ఆపినాడా? వాళ్ల నాయనా అంతే. లెక్క చెప్తే వినడు, దేవుడంటే దిగుతాడు."

"అయితే బండి తిప్పమనేది గూడా... నాకోసమేనా అత్తా?"

"నీకోసం యాలా? గొంతు తగ్గించు, వాడు డిక్కీ మూస్తాండాడు. నువ్వు బయల్లో గుండ్రంగా తిప్పుతాంటే రోజూ మిద్దె మీద నుంచి చూస్తాండా. చేతుల పనంతా వచ్చేసింది నాకు. ఆ ఎడమకాలితో తొక్కేదొకటి చెప్పు, సోమవారం మహానందికి నేనే తోలుకోని పోతా."