తోటమాలికి లేని తమ్ముడు

హలో… ఆ, నేనే వదినా. ఇంకెవరుంటారు, మీ తమ్ముడు ఫోనెత్తడం మీరెప్పుడైనా చూశారా?

…

ఆయనకేం, బాగానే ఉన్నారు. అసలు ఆయన మీద ఫిర్యాదు మీకే చేయాలి, వినండి. మనిషి రోజుకి మాట్లాడేది ఏడు వాక్యాలు. అందులో మూడు 'ఊఁ'లు. ఇవాళ భోజనాలయ్యాక నేను అడక్కుండానే ఎనిమిదోది మాట్లాడారు. ఏమన్నారో తెలుసా? 'ఆ గడియారాల షాపాయన్ని చంపిందెవరో నాకు తెలిసిపోయింది' అని.

…

అవును, మన పుస్తకమే. చివరి అధ్యాయానికి బట్టల క్లిప్పు పెట్టి అలమరలో పడేశానా… క్లిప్పు తీసి, చదివేసి, మళ్ళీ అదే చోట క్లిప్పు పెట్టారు. నేరం చేసినవాడు కూడా అంత శుభ్రంగా సర్దడు. ఆపైన పేరు చెప్పేశారు. తొమ్మిదో వాక్యం.

…

లేదు, నేను చదవలేదు. నలభై రోజులయింది, ముట్టుకోలేదు. ఎవరితో చదవను? మీరక్కడా నేనిక్కడా చెరో పుస్తకం పట్టుకుని, నాలుగింటికి ఫోను దగ్గర కూర్చుని, ఎవరి మీద అనుమానమో వాదించుకుంటూ రెండేసి అధ్యాయాలు… అలా అలవాటయ్యాక ఒక్కదాన్నే చదివితే హత్య హత్యలా ఉండదు. పేపర్లో వార్తలా ఉంటుంది.

…

ఆ, ఆ రోజు ఫోన్ పెట్టేసింది నేనే. ఠక్కున. 'మీరు చదవనూ అక్కర్లేదు, నన్ను భరించనూ అక్కర్లేదు' అన్నాను. గుర్తులేకేం. వాక్యం బాగా కుదిరిందని ఆ పూటంతా మురిసిపోయాను కూడా.

…

తర్వాతా… తర్వాత రోజూ నాలుగయ్యేది.

…

ఏముంది చెప్పడానికి. అలవాటుగా కుర్చీ ఫోను పక్కకి లాక్కునేదాన్ని. కూర్చున్నాక గుర్తొచ్చేది. వెంటనే లేస్తే మీ తమ్ముడికి దొరికిపోతానని ఐదింటిదాకా అక్కడే కూర్చుని గుండీలు కుట్టేదాన్ని. ఇంట్లో ఊడిన గుండీ ఒక్కటి లేదిప్పుడు. ఊడనివి కూడా కుట్టేశాను.

…

నవ్వండి, నవ్వండి. మీ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

…

అడగండి. నాతో మొహమాటమేంటి?

…

ఎవరు చంపారనా? అందుకా ఫోన్ చేశారు?

…

బాగుంది వదినా. నలభై రోజుల తర్వాత ఫోన్ చేసి, బాగున్నావా అని ఒక మాట, హంతకుడెవరని ఒక మాట. నేను చెప్పను. పుస్తకం మీ దగ్గరే ఉందిగా. చివరి అధ్యాయం తీసి చూసుకోండి.

…

…

హలో? ఉన్నారా?

…

కోపం కాదు. సరే, కోపమే. ఎందుకో చెప్పేస్తాను, కడుపులో దాచుకుని నాకే అరగట్లేదు. ఆ పుస్తకంలో ముసలావిడ ఉందా, రిటైరైన దర్జీ… మెడలో టేపు వేసుకుని వీధిలో అందరి వ్యవహారాలూ కొలుస్తూ తిరుగుతుందే, ఆవిడ. ఆవిణ్ణి చూసి నాకూ కూపీ లాగే దురద పుట్టింది. మీరేమో నేనేమన్నా 'నాకూ అదే అనిపించిందమ్మాయ్' అనేవారు. నర్సు మీద అనుమానం అంటే నర్సు. మేనల్లుడు అంటే మేనల్లుడు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఊరందరికీ ఎదురు చెప్పిన మనిషి నాకు ఎదురు చెప్పకపోవడమేంటి? అనుమానం వచ్చింది. అందుకని ఆ రోజు ఉచ్చు పెట్టాను. 'తోటమాలి తమ్ముడి సంగతేంటి వదినా' అన్నాను. మీరేమన్నారు?

…

కదా. 'మొదట్నించీ వాడి మీద నాకు నమ్మకం లేదు' అన్నారు. తోటమాలికి తమ్ముడే లేడు వదినా. నేను పుట్టించాను.

…

అంతే, తేలిపోయింది. మీరు చదవట్లేదు. మరదలికి తోచట్లేదు పాపం, రోజూ ఓ గంట ఊఁ కొడితే పోయేదేముంది అని జాలిపడుతున్నారు. జాలి నాకు పడదు. ఫోన్ పెట్టేశాను.

…

చదవలేదు. సరే, ఒప్పుకున్నారు.

…

మొదట్నించీనా? ఒక్క పేజీ కూడా? అబద్ధం. పేజీలు తిప్పిన చప్పుడు నా చెవులతో విన్నాను. నేను తిప్పాక కాసేపటికి మీరూ తిప్పేవారు.

…

టెలిఫోన్ డైరెక్టరీయా.

…

పాత డైరెక్టరీ ఒళ్ళో పెట్టుకుని… నాకు వినపడాలనా.

…

ఆగండి. ఏమీ చెప్పకండి, నన్ను ఆలోచించుకోనివ్వండి. ఆ పుస్తకం నాకంటే ముందు మీరే కొన్నారు. చదవాలని లేనివాళ్ళు కొనరు. పోయినసారి మా ఇంటికొచ్చారు. టీవీలో వార్తలు కళ్ళు మూసుకుని విన్నారు, అలిసిపోయారనుకున్నాను. పంచదార గ్లాసులో కాకుండా బల్ల మీద వేశారు, ధ్యాస లేదనుకున్నాను. గుమ్మంలో నేను ఎదురొస్తే మొహం పక్కకి తిప్పారు. అదైతే వారం రోజులు మనసులో పెట్టుకున్నాను. వదినా… కళ్ళా?

…

ఎప్పట్నించి?

…

రెండేళ్ళు.

…

మధ్యలోనే కనిపించదు. చుట్టూ కనిపిస్తుంది… ఆ. దేన్ని చూడాలనుకుంటే దాని మీదే మసక. మనిషిని చూస్తే జుట్టు కనిపిస్తుంది, భుజాలు కనిపిస్తాయి, మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ.

…

అందుకా పక్కకి తిరిగారు. నన్ను చూడ్డానికి.

…

లేదు, ఉన్నాను. చెప్పండి. డాక్టరేమన్నారు?

…

పోయింది తిరిగి రాదు. ఇంకా పోకుండా నెలకోసారి కంట్లో సూది. ఎవరు తీసుకెళ్తున్నారు?

…

ఒక్కరేనా. బస్సు నంబరు ఎలా తెలుస్తుంది?

…

వచ్చిన ప్రతి బస్సునీ ఆపి అడుగుతారు. డ్రైవర్లు తిట్టరూ?

…

మీరూ తిరిగి తిడతారు. అది మాత్రం నమ్ముతాను. మరి నా నంబరు ఎలా నొక్కారు ఇప్పుడు?

…

వేళ్ళకి తెలుసు. నిజమే, ముప్పై ఏళ్ళ పని.

…

మీ తమ్ముడికి చెప్పారా?

…

ఆయనకి చెప్పకపోతే పోనీండి, చెప్పినా ఊఁ అనేవారు. నాకెందుకు చెప్పలేదు? రోజూ గంటసేపు మీతో మాట్లాడేదాన్ని. కాదు, తప్పించుకోకండి. నాకెందుకు చెప్పలేదు?

…

…

చదవలేనని తెలిస్తే… నాలుగింటి ఫోను ఆగిపోతుందని.

…

…

మరి కథ ఎలా తెలిసేది మీకు?

…

నేను ఎవరిని తిట్టుకుంటే వాళ్ళని బట్టి. నా తిట్లని అతికించుకుని కథంతా కట్టుకునేవారా? నర్సు ఉత్తరం దాచిన సంగతి నేను చెప్పనే లేదు, మీరు మాత్రం సరిగ్గా ఊహించారే. ఇంకేం, డిటెక్టివ్ మీరే. నేను గుండీలు కుట్టుకోవడానికే పనికొస్తాను.

…

ఇంకెవరితోనైనా చదివించుకోవాల్సింది కదా. ఆ ఒక్క అధ్యాయమే కదా మిగిలింది.

…

'అది నీతో చదివే పుస్తకం' అనా.

…

నలభై రోజులు పుస్తకం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఇవాళ ఉండబట్టలేక ఫోన్ చేసి అడిగితే, నేను… చివరి అధ్యాయం తీసి చూసుకోండన్నాను.

…

ఏడవట్లేదు. జలుబు.

…

లేదు, ఇప్పుడు చెప్పను. మీ తమ్ముడిలా తొమ్మిదో వాక్యంలో పేరు పారేసే రకం కాదు నేను. రేపు నాలుగింటికి ఫోన్ నేనే చేస్తాను. మొదటి పేజీ నుంచీ చదివి వినిపిస్తాను. తోటమాలి తమ్ముణ్ణి ఇరికించకుండా.

…

నా గొంతుకేం వదినా, ఈ ఇంట్లో దానికి వేరే పనేముంది. సూదికెప్పుడు వెళ్ళాలో కూడా చెప్పండి, ముందురోజే వచ్చేస్తాను.

…

అదేంటి, ఇంకా ఏం మిగిలింది?

…

ఆ మాటా. అనాలంటారా? నేను వస్తానన్నాను, చదువుతానన్నాను, అందులోనే ఉంది కదా అది.

…

లేదంటారు. ఆ దర్జీ ముసలావిడ చెడగొట్టింది నన్ను, అంటే సరిపోదా?

…

సరిపోదు. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో మీ తమ్ముడి దగ్గర ఒక్కసారి కూడా అనలేదు వదినా ఆ మాట. ఇక్కడే ఉన్నారు కూడా. ఇందాకట్నించీ పేపరు తిప్పట్లేదు.

…

ఆయన వింటే మీకు ఇంకా మంచిదా. సరే. కానివ్వండి.

…

గట్టిగానే అంటున్నాను. మీరు చదవట్లేదని పట్టుకున్నాను, అదొక్కటే ఒప్పు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. మీకు జాలి అంటగట్టి ఫోన్ పెట్టేశాను, మళ్ళీ ముందు మీరే చేయాలని భీష్మించుకు కూర్చున్నాను, అక్కడ మీరూ నాలుగింటికి ఒక్కరే కూర్చునుంటారని నాకు తట్టనే లేదు. తప్పు నాదే వదినా. నేనే తప్పు చేశాను.