నోరు మూసుకున్న ఫొటో

తప్పిపోయినవాళ్ళ బొమ్మలు గీసే గదిలో మధ్యాహ్నపు ఎండ పొగలా తేలుతోంది. దర్యాప్తు అధికారి ఏటా ఇదే రోజున ముసలి చిత్రకారుడి దగ్గరికి వస్తాడు, ఆరేళ్ళప్పుడు తప్పిపోయిన తన చెల్లెలి బొమ్మకు ఇంకో ఏడాది వయసు కలిపించుకోవడానికి.

“ఈసారి కళ్ళజోడు పెట్టాను బాబూ. మీకూ నలభైకే వచ్చింది కదా.”

“బావుంది మాస్టారూ. అచ్చం మా అమ్మే.”

“ఇన్నేళ్ళూ పెదాలు బిగించే గీశాను. మనకున్న ఒక్క ఫొటోలో అలానే ఉంది మరి. పిల్ల అంత గంభీరమా?”

“గంభీరమా? ఒట్టి వాగుడుకాయ. ముందుపళ్ళు రెండూ ఊడితే నేనే ‘తొర్రిదానా’ అని ఏడిపించాను. దాంతో ఫొటోకి నోరు తెరవలేదు. వారానికే తప్పిపోయింది.”

“ఈ ముక్క ఫైల్లో లేదే.”

“నేనెప్పుడూ చెప్పలేదు. అందరి చేతా నిజాలు చెప్పించేవాణ్ణి నేను. తొర్రి సంగతి వెతికేవాళ్ళకి తెలియనే తెలియదు. ఇప్పటికీ కల్లోకి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే వస్తుంది.”

చిత్రకారుడు రబ్బరుతో పెదాలు మెల్లగా చెరిపాడు.

“అయితే నవ్విద్దాం. ఆ తొర్రి ఎంత ఉండేది?”

అధికారి వేళ్ళతో కొలత చూపించబోయి ఆగిపోయాడు.

“తొర్రి వద్దు మాస్టారూ. ఈపాటికి పళ్ళు వచ్చేసుంటాయి కదా.”