శంషాబాదుకు ఇల్లు చూడబోతే

"అవ్వా, హైదరాబాదు పోయొచ్చినావంట. ఏమేం చూసినావు?"

నేను చూడల్సింది తప్ప అన్నీ చూపించిరి పాపా. కూచ్చో, చెప్తా. హైదరాబాదంటే సిటీ గాదులే, దానికి ఈ పక్కనుండే శంషాబాదు. మన కర్నూలు బస్సు ఆడ నిలబడ్తాది. మా పెద్దకూతురి బిడ్డ సునీత లేదూ, దానికి పాస్టరమ్మ ఆడి సంబంధం తెచ్చింది. పిల్లోడు గోడౌన్లో పనిచేస్తాండాడు. వాళ్లదీ మన కర్నూలు పక్క ఓర్వకల్లే, పనికని పోయి ఆడుండారు. "మా, నువ్వు పోయి ఇల్లు చూసి రా, నీళ్లుండాయో లేవో కనుక్కో" అని నా కూతురు పంపించె. నీళ్లు లేని ఇంటికి పిల్లనెట్లిస్తారు, నువ్వే చెప్పు. నేను ఈ కోయిలకుంట్లకు కాపురానికొచ్చినప్పుడు మైలు దూరం పోయి మోసినా. అప్పుడు కర్నూలుకు బస్సు మూడు రూపాయలు... కాదు, రెండున్నర. సరే, అదట్లుండనీ.

నేను చెప్పులిడిచీ ఇడవకముందే పిల్లోని తల్లి, మరియమ్మ, "జూపార్కు పోదాం పా అత్తా" అనె. పోతిమి. పులి పండుకోనుండాది. పండుకున్న పులిని చూసేదానికి టికెట్టంట. మీ తాతను ముప్పై ఏండ్లు టికెట్టు లేకుండా చూసినా. మర్సటిదినం గోల్కొండ. కింద చప్పట్లు కొడితే పైన కొండమీద ఇనపడ్తాదంట. నేను పక్కనే నిలబడి "నీళ్లెట్ల మా మీకు?" అని మూడుతూర్లు అడిగితే ఆయమ్మకు ఇనపళ్లేదు. సాయంత్రం ట్యాంక్‌బండు. బుద్ధుని బొమ్మ చుట్టూ ఎన్ని నీళ్లో. ఈ నీళ్లు చూపించే నన్ను బస్సెక్కించేటట్లుండాదే అనుకున్న్యా.

మూడోదినం తెల్లారుజామున బయట హారను మోగె. చూస్తే నీళ్ల ట్యాంకరు. ఆడోళ్లంతా డ్రమ్ములు, బిందెలు పెట్టుకోని వరసగా నిలబడిండారు. నేనూ ఒక బిందె తీసుకోని పోయి నిలబడ్తి. "ఎన్నాళ్లకొస్తాది మా?" అంటే, "మూడుదినాలకొకతూరి. ఎండాకాలమంతా ఇంతే" అనిరి. అంతలో పిల్లోడు రెండు బిందెలతో ఉరుకుతా వచ్చె. నన్ను చూసి మొగం చిన్నది చేసుకున్న్యాడు.

"అమ్మ చెప్పొద్దనింది అవ్వా. నీళ్లకు ఇబ్బందని తెలిస్తే పిల్లనియ్యరని."

"ఎవురు మోస్తారు మీ ఇంట్లో?"

"నేనే. మూడంతస్తులు. అమ్మకు మోకాళ్లనొప్పులు."

"నిజమే అవ్వా, ఆయమ్మ బిందె పట్టంగా మేము చూళ్లేదు" అని వరసలో ఉండే ఆడోళ్లు నగిరి.

"మల్ల మా సునీత వస్తేనో?"

బిందెలు కింద పెట్టె. "సునీత గూడా పనికి పోతాది గదా అవ్వా. వంతులేసుకుంటాము. నాకు నైటుడ్యూటీ పడితే మాత్రం తనకు తప్పదు."

చూడు పాపా, అంతా నేనే మోస్తా అనింటే ఆ మధ్యాన్నం బస్సుకే వచ్చేసుందును. మీ తాత అట్లనే చెప్పి చేసుకున్న్యాడు నన్ను. నేను పైకి పోయి నా కూతురికి ఫోన్ చేసి, "ఖాయం చేసుకోమ్మే" అని చెప్పేస్తి.

మరియమ్మ లేసి, ఏమీ ఎరగనట్లు, "ఈదినం చార్మినారు ఉండాది అత్తా" అంటాది.

"పోదాం పా. ఇప్పుడు నిమ్మళంగా చూస్తా" అన్న్యా.

శానా బాగుండాది పాపా చార్మినారు. పక్కనే గాజుల అంగళ్లు. ఇంద, నీకు రెండు డజన్లు తెచ్చినా, చెయ్యి చాపు. గలగలమంటా సల్లగుండు తల్లీ. అట్ల బిగబట్టాకు, పగుల్తాయి... వదులుగా పెట్టు... ఆ, అట్లా...