కాటా మిషన్ తాళం

రెండువేల సంవత్సరం, జనవరి. నల్లపాడులో శ్యామ్ సుందర్ రిపేరు కొట్టు. పత్తి మిల్లు యజమాని నాగేంద్రబాబు, తూకం కాటాకి తగిలించే పాత ల్యాప్‌టాప్‌ని బల్లమీద పడేసి, శ్యామ్ సుందర్ కాలర్ పట్టుకున్నాడు.

“వదలండి నాగేంద్రబాబు గారూ, చెయ్యి ఆడట్లేదు.”

“విరగ్గొడితే అసలాడదు! మిల్లు ముందు పత్తి ట్రాక్టర్లు రోడ్డు దాకా ఉన్నాయి. ఇది తెరుచుకోకపోతే కాటా లేదు.”

“పాస్‌వర్డ్ పెట్టిందెవరు?”

“మా కాటా గుమాస్తా, జయరావు. నలుగురిలో చెంప పగలగొట్టానని కసికొద్దీ బిగించాడు.”

“ఆయన్నే అడగండి.”

“అడుగుతున్నాం. గోడౌన్‌లో దూలానికి కట్టేసి బుల్లయ్య అడుగుతున్నాడు. ‘మహిమ’ అంటాడు, కూతురి పేరు. అది మిషన్‌లో కొడితే తీసుకోదు. మళ్ళీ తంతే మళ్ళీ అదే. ఫోనిటివ్వు.”

“ఫోనెందుకండీ?”

“ఇవ్వెహె! ఒరేయ్ బుల్లయ్యా, ఏమంటున్నాడ్రా?”

“అదేనండి బాబుగారూ... మహిమ, మహిమ అంటున్నాడు.”

“మొండి వెధవ! కళ్ళలో కారం కొట్టు.”

“దండం పెడతానండీ, మనిషి చచ్చిపోతాడు!”

“నువ్వు పని చూడు. లేకపోతే ఆ సోల్డరింగ్ ఐరన్ నీ నాలిక మీద పెడతా.”

“చూస్తున్నా, చూస్తున్నా... ఆగండి. ఈ చిప్ ఎవరు మార్చారు?”

“మా బామ్మర్ది త్రినాథ్. రెండువేల సంవత్సరం రాగానే తేదీ తప్పు చూపిస్తోందని మొన్న చీరాలలో మార్పించాడు. అయితే ఏం?”

“ఇది ఏదో పాత మిషన్‌లోంచి పీకింది. తాళం ఈ చిప్‌లోనే ఉంటుందండీ. ఆ మిషన్ వాళ్ళెవరో పెట్టిన తాళం దీంతోపాటే వచ్చేసింది.”

“అర్థమయ్యేట్టు ఏడువు.”

“మీ గుమ్మానికి ఊళ్ళోవాళ్ళ తాళం వేసుకొచ్చి, తాళంచెవి ఇమ్మని జయరావుని కొడుతున్నారు!”

“అయితే ఇప్పుడేం చెయ్యాలి?”

“పాత చిప్ ఏదండీ?”

“ఏదో పొట్లం కట్టిచ్చారు. సంచిలో... ఇదిగో.”

“చిప్ కాళ్ళు వంగిపోయాయి. ఉండండి, సరిచేస్తా... కూర్చుంది. ఇప్పుడు కొట్టండి, మహిమ అని.”

“ఎమ్, ఏ, హెచ్... ఐ... ఒరేయ్, తెరుచుకుంది! కాటా వచ్చేసిందిరా!”

“కాటా సంగతి తర్వాత! ఫోన్ చెయ్యండి. ముందు ఆపమనండి!”

“చేస్తున్నాలేరా... బుల్లయ్యా, ఆపు. వాడు నిజమే చెప్పాడు. కట్లు విప్పి మంచినీళ్ళు పట్టు.”

“బాబుగారూ...”

“ఏంట్రా నసుగుతావ్? విప్పావా?”

“ఇందాక మీరు ఫోన్ చేసేటప్పటికే పోయాడండి. మీరు చంపేస్తారని భయమేసి, ఇంకా మహిమ అంటున్నాడని నేనే చెప్పాను.”