పనికిరాదని రాసిన పేజీ

వైన్ కంపెనీ సెల్లారులో మధ్యాహ్నం. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ వైన్ తయారుచేస్తున్న పెద్దావిడ నిచ్చెన మీద నిలబడి పీపాలోంచి మచ్చు తీస్తోంది. వచ్చినవాళ్ళకు గ్లాసుల్లో పోసి రుచి చూపించే అమ్మాయి కింద నిలబడి ఉంది, చేతిలో కాగితంతో.

"ముందు నిచ్చెన దిగండి మేడమ్!"

"పనుంది. అక్కణ్ణుంచే అరిచెయ్. ఎలాగూ అరుస్తూనే ఉన్నావుగా."

"ఈ రాత మీదేనా, కాదా?"

"నాదే."

"'అసిస్టెంటు పనికి ఈ అమ్మాయి పనికిరాదు.' మీరే రాశారా?"

"చదవడం వచ్చుగా, మళ్ళీ నన్నడుగుతావేం?"

"రెండేళ్ళు! రెండేళ్ళు మీ వెనకాలే తిరిగాను. ట్యాంకుల్లో దిగి ద్రాక్ష పిప్పి ఎత్తిపోశాను. పైపులు మోశాను."

"మోశావు. ఒకటి బిగించడం మర్చిపోయావు కూడా. నేలంతా నేనే కడుక్కున్నాను."

"ఒక్కసారి! ఒక్కసారి జరిగింది. అదా కారణం?"

"కాదు."

"మరేంటి?"

"ఆ గ్లాసు ఇలా అందుకో."

"మాట మార్చకండి. వైన్ తయారీ చదువుకుని వచ్చాను నేను. ఇక్కడ నాకిచ్చిన పనేంటి? లిప్‌స్టిక్ వేసుకుని పొయ్యడం. కొనడానికొచ్చినవాళ్ళు వైన్ గురించి నన్ను ఒక్క ముక్క అడగరు. 'పాపా, అసలు నీకు తాగే వయసొచ్చిందా?' అని నవ్వుతారు. ఇరవయ్యేడు నాకు!"

"నిన్ను అదైనా అడుగుతారు. నలభై దాటగానే నన్ను ఆ రుచి చూపించే బల్ల దగ్గర నిలబడొద్దన్నారు. ఫొటోల్లోనూ వద్దన్నారు. నేను చేసిన వైన్ పట్టుకుని గోడ మీద నవ్వుతున్నదెవరో చూశావుగా."

"ఓనరుగారి మేనల్లుడు."

"ఎరుపేదో తెలుపేదో చూసి చెప్పేస్తాడు, పాపం. కళ్ళు మూస్తే అదీ లేదు."

"నన్ను నవ్వించకండి. నాకు ఒళ్ళు మండిపోతోంది."

"మండనీ. నేను చేరిన కొత్తలో నెలకి నాలుగు రోజులు ఈ గది గడప తొక్కనిచ్చేవారు కాదు. నా గాలి తగిలితే వైన్ పులిసిపోతుందట. చిన్నదానివి, నీకేం తెలుసన్నారు. ఆ తర్వాత పెద్దదానివైపోయావన్నారు. మధ్యలో సరైన వయసు ఏ రోజు వచ్చి పోయిందో, నాకైతే కనబళ్ళేదు."

"అంత పడ్డవారు నాకెందుకు అడ్డం పడ్డారు? భయం కదూ? మీ కిందికి నీళ్ళొస్తాయని?"

"నువ్వంటే నాకు గిట్టదు. ఆ మాట నిజం. తలబిరుసు. చెప్పింది వినవు. ఫోన్ చూసుకుంటూ గ్లాసు తిప్పుతావు."

"హమ్మయ్య, ఒప్పుకున్నారు!"

"గిట్టకపోవడం వేరు. ఆ కాగితం నీకెవరిచ్చారు?"

"ఓనరుగారే. పొద్దున పైకి పిలిచి, తలుపేసి, చదవమన్నారు. 'మేడమ్ మేడమ్ అని తిరుగుతావే, ఆవిడ నీ గురించి ఏం రాసిందో చూసుకో' అన్నారు."

"తర్వాత?"

"తర్వాతేముంది."

"తర్వాత ఏమడిగాడు?"

"మీ గురించి అడిగారు. వయసు మీద పడింది కదా, ఆవిడకి ఇంకా రుచి తెలుస్తోందా అని."

"నువ్వేమన్నావ్?"

"ఆ పీపా బిరడా పెట్టండి. కారుతోంది."

"కారనీ. ఏమన్నావ్?"

"తెలియడం లేదన్నాను. రాసిమ్మన్నారు. రాసిచ్చాను."

"సంతకం?"

"పెట్టాను."

"అబద్ధమని తెలిసే పెట్టావా?"

"తెలిసే పెట్టాను! మీరు రాయగా లేంది నేను రాస్తే తప్పా?"

"నీ చేతిలో ఎన్ని పేజీలున్నాయి?"

"ఒకటే."

"కింద నా సంతకం ఉందా?"

"లేదు... అయితే?"

"నేనిచ్చింది రెండు పేజీలు. సంతకం రెండోదాని మీద ఉంది."

"రెండో దాంట్లో ఏముంది?"

"ఏముంటే ఏం ఇప్పుడు."

"మేడమ్! ఏముంది?"

"'అసిస్టెంటుకి ఉండాల్సినదానికన్నా ఈ అమ్మాయికి ఎక్కువ తెలుసు, రుచి పట్టడంలో నా నాలుక కన్నా దీని నాలుక గట్టిది' అని ఉంది. 'నెలాఖరుకి ఏ గొడవా చెయ్యకుండా వెళ్ళిపోతాను, నా కుర్చీ మాత్రం దీనికే ఇవ్వండి, మీ మేనల్లుడికి కాదు' అని ఉంది."

"ఇప్పుడే... ఇప్పుడే పైకి వెళ్తాను. ఆ రెండో పేజీ ఏదని అందరి ముందూ అడుగుతాను. ఇన్నేళ్ళు పనిచేశారు, మీ మాట ఎలా కాదంటారో చూస్తాను!"

"రుచి తెలియని ముసలిదాని మాట ఎవరు పట్టించుకుంటారే? నువ్వే సంతకం పెట్టి వచ్చావుగా."