తిరుమలగిరిలో తెగని నెట్

“నేను చేసింది చిన్న పనే,” అన్నాడు రాఘవేందర్, సాసర్‌లోకి చాయ్ వంచుకుంటూ. “మా బామ్మర్ది ఇంట్ల నెట్ కనెక్షన్ పెట్టిన. అంతే. దాని గురించి చెప్పుకునుడు నాకు ఇష్టముండదు.”

మెట్టుగూడలో రాఘవేందర్‌ది స్కూటర్ సీట్లకు కవర్లు కుట్టే దుకాణం. చెప్పుకోవడం ఇష్టం లేని సంగతులన్నీ అతను రోజూ పదకొండు గంటలకు అజ్మత్ హోటల్ బయటి బెంచీ మీద కూర్చుని చెబుతాడు. కుట్టాల్సిన సీట్లు ఆ వేళకు దుకాణం ముందు వరసగా చేరి ఉంటాయి. వాటికేం తొందర లేదు. తొందరంతా వాటి సొంతదారులది.

ఇది 2011 నాటి సంగతి, ఫోన్ తీగలోంచే ఇంటికి నెట్ వచ్చే రోజులు. బెంచీ మీద రాఘవేందర్ పక్కన నేను, నా పక్కన జాన్ సాహెబ్. ఆయన టెలిఫోన్ లైన్‌మన్‌గా రిటైరై తొమ్మిదేళ్లయింది కానీ, దారిన పోతూ ఇప్పటికీ ప్రతి స్తంభాన్నీ తలెత్తి చూస్తాడు, చుట్టాన్ని పలకరించినట్టు. గల్లా దగ్గర అజ్మత్. అతని చాయ్‌లో వేడికి ఎప్పుడూ లోటు లేదు, మిగతావి ఆ రోజును బట్టి.

పక్క షట్టర్‌లో ఆన్‌లైన్ ఫారాలు నింపే కల్పలత వచ్చి మా ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు, చాయ్ వద్దంది.

“అన్నా, నా నెట్ సంగతి ఏం జేద్దాం? కనెక్షన్ వచ్చి నాలుగు రోజులాయె. ఫోన్ మోగిందంటే చాలు, నెట్ పోతుంది. రైల్వే నౌకరీ ఫారాలు పదకొండు మందివి సిస్టంల ఉన్నయ్. సగం పంపేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తరు, మళ్ల మొదటికొస్తది. రేపు సాయంత్రం ఐదింటికి ఆఖరు.”

“కంపెనీకి ఫోన్ చేసినవా?” అన్నాడు రాఘవేందర్.

“చేసిన. మీది లినక్స్ గదా, మాకు సంబంధం లేదన్నరు.”

ఆమెది పాత కంప్యూటర్. అందరూ వాడే ఖరీదైన సిస్టం దాని మీద నడవదు కాబట్టి, ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంది. అది నడుస్తూనే ఉంది. నడిచేదాన్ని తప్పుపట్టడం అందరికీ సులువు.

“చెప్పిన గదా చెల్లె, లినక్స్‌తోనే తక్లీఫ్,” అన్నాడు రాఘవేందర్. “సిస్టం మొత్తం తుడిచేస్తా. మళ్ల కొత్తగ ఎక్కిస్తా. గంట పని.”

“తుడిస్తే నా ఫారాలు?”

“పోతయ్. మళ్ల నింపుకోవాలె.”

పదకొండు మందిని మళ్లీ పిలిచి, సర్టిఫికెట్లు మళ్లీ తెప్పించి, రేపు ఐదింటిలోగా. కల్పలత ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తెరిచి అడిగింది.

“మీ బామ్మర్దిది సుత లినక్సే అంటివి. ఆడ ఎట్ల నడుస్తుంది మరి? అది చెప్పు ముందు. విన్నంక తుడుద్దాం.”

రాఘవేందర్‌కు కావలసింది అదే. సాసర్ కింద పెట్టాడు.

“విను. తిరుమలగిరిల మిలిటరీ గోడ పక్క గల్లీ. కంపెనీ మనిషి వచ్చిండు, మోడెం పెట్టిండు, తెర దిక్కు చూసిండు, లినక్సా అన్నడు, చెప్పులేసుకొని పోయిండు. మా బామ్మర్ది తిరుమల్ పరేషాన్. బావా నువ్వే దిక్కని ఫోన్ చేసిండు. పోయిన. కూసున్న. తెరంత నల్లగ, దాని మీద తెల్లక్షరాలు, మౌస్ కదిలిస్తే కదలదు. మామూలు మనిషైతే లేచి పోతుండె. నేను ఒక్క కమాండ్ కొట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సిస్టం నాతోని మాట్లాడుడు షురూ జేసింది. మోడెం ఎక్కడుందో వెతకాల్నా అని అడిగింది. వెతుకు అన్న. యూజర్ నేమ్ ఏంది? చెప్పిన. పాస్‌వర్డ్ ఏంది? చెప్పిన. కనెక్షన్ ఇప్పుడే షురూ జెయ్యాల్నా? అట్ల అది అందరిని అడగదు. మనిషిని చూసి అడుగుతది.”

“నన్ను సుత అడిగింది,” అంది కల్పలత. “కంపెనీ ఇచ్చిన కాగితం చూసుకుంట అవునని కొట్టిన.”

రాఘవేందర్ ఆమె వైపు జాలిగా చూశాడు. “నిన్ను ఇంగ్లీషుల అడిగి ఉంటది.”

“నిన్ను?”

“తెలుగుల.”

అజ్మత్ పాలగిన్నె మీద గరిటె ఆపేశాడు. “లినక్స్‌కు తెలుగొస్తదా భాయ్?”

“నేను కూసుంటే వస్తది. సరే, నెట్ వచ్చింది. వచ్చుడంటే గిట్ల మీ ఇండ్లల్ల వచ్చినట్టు కాదు. ఫోన్ తీగ పతంగి మాంజా లెక్క బిగుసుకున్నది. గల్లీ చివర పాల బూతు కాడ స్తంభం మా తిరుమల్ ఇంటి దిక్కు ఇంత వంగింది.” చేత్తో చూపించాడు. చాయ్ గ్లాసు పడబోయింది.

జాన్ సాహెబ్ తలెత్తాడు. “పాల బూతు కాడిదా? అది నేనే పాతిన. మొదటి నుంచి వంకరనే.”

“ఇంకింత వంగింది చాచా. మోడెం అయితే పెనం లెక్క కాలుతుంది. మా అత్త చూసింది, ఊకె కాలబెట్టుడెందుకని దాని మీద అప్పడాలు కాల్చింది. అప్పడం ఇట్ల పెట్టుడు, అట్ల తీసుడు. గల్లీ అంతా పంచింది. సరే, పాట ఒకటి దింపుదామని బటన్ మీద వేలు పెట్టిన. వేలు ఇంకా తియ్యలే, పాట దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారి తెలిసింది, ఆ పాట పాడాల్సినామె నేను విన్నప్పుడు ఇంట్ల నుంచి బయల్దేరనే లేదంట. మర్నాడు పోయి పాడిందంట. నేను ముందు రోజే విన్న.”

“ఎట్లుండె పాట?” అన్నాడు అజ్మత్. నిజంగానే తెలుసుకోవాలని ఉంది అతనికి.

“బాగుండె. రెండో చరణం జెర డల్లు.”

కల్పలత నవ్వలేదు. షట్టర్ వైపు చూస్తోంది. లోపల ఫోన్ మోగుతుందేమోనని చెవి అటే ఉంది.

“మా తిరుమల్ నౌకరీకి దరఖాస్తు పంపుదామని కూసున్నడు. ‘అయ్యా’ అని కొట్టిండో లేదో, జవాబు వచ్చింది.”

“ఏమని?” అన్నాను నేను.

“వద్దని. ఎంత టైం మిగిలింది చూడు మనిషికి! ఇగ మిలిటరీ జీపు వచ్చింది. అందుల్నుంచి కర్నల్ దిగిండు. ఈయింటి నెట్టు మా తీగలల్లకు పొంగి వస్తుంది, మా సిపాయిలు కవాతు ఇడిసిపెట్టి సినిమాలు చూస్తున్నరు, జెర తగ్గించుండ్రి అని నాకు సెల్యూట్ కొట్టిండు. పెద్దమనిషి అడిగిండని మర ఒక సుట్టు తిప్పి తగ్గించిన.”

“తగ్గించుటానికి మర ఎక్కడుంటది?” అన్నాడు అజ్మత్.

“వెనక. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రాత్రికి లినక్స్ తయారుచేసినోళ్లకు ఖబర్ పోయింది. దేశం కాని దేశంల ఉన్నరు వాళ్లు. సీదా ఇంటి ఫోన్‌కు ఫోన్ చేసిండ్రు. ఎవడయ్యా గింత పని జేసింది, మాకు సుత గింత స్పీడ్ రాదు అంటున్నరు. ముప్పావు గంట నేను చెప్పుడు, వాళ్లు రాసుకునుడు.”

“ఆగన్నా,” అంది కల్పలత. “ఇంటి ఫోన్‌కా?”

“ఇంటి ఫోన్‌కే.”

“అప్పుడు నెట్ నడుస్తుండెనా?”

“ఝామ్మని.”

“ఫోన్ మోగినా తెగలేదా?”

“తెగలే. ఒకటి కాదు, ఆ ఇంట్ల రెండు ఫోన్లు. హాల్ల ఒకటి, అత్త మంచం కాడ ఒకటి. రెండూ మోగినయ్. నెట్ రెప్పపాటు సుత తెగలే.”

అప్పటిదాకా ప్రతి మాటకూ గాలిలో ఒక బొమ్మ గీసిన మనిషి, ఈ మాట మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పాడు. నాకు అది వింతగా అనిపించింది. కర్నల్ కథకు ఊపిన చేతులు ఫోన్ మాటకు ఎందుకు ఊపలేదు?

కల్పలత ముందుకు వంగింది. “నాకు కావల్సింది గదే అన్నా. ఎట్ల ఆపినవ్? ఏం పెట్టినవ్?”

రాఘవేందర్ సాసర్ ఎత్తాడు. అందులో చాయ్ లేదు. లేని చాయ్ ఒక గుక్క తాగాడు.

“ఫోన్‌కు తడి తువాలు చుట్టిన.”

“తడి తువాలా?”

“ఆఁ. చుడితే మోత బయటికి రాదు. మోతనే రాకుంటే నెట్ ఎందుకు తెగుతది? లెక్క సీదా ఉంది.”

ఇలాంటి మాటకు మామూలుగా అయితే మేం నవ్వేవాళ్లం. కానీ పదకొండు మంది నౌకరీలు నెత్తిన పెట్టుకున్న మనిషికి తడి తువాలు కూడా ఒక దారిలాగే కనిపిస్తుంది.

“షాపుల తువాలుంది,” అంది ఆమె. “ఎంత తడి ఉండాలె?”

“జెర పిండాలె.”

ఆమె రెండడుగులు వేసింది కూడా. జాన్ సాహెబ్ గ్లాసు బెంచీ మీద గట్టిగా పెట్టాడు.

“ఆగు బిడ్డా. ముప్పై నాలుగేండ్లు ఇంటింటికి ఫోన్లు పెట్టిన. తడి గుడ్డ చుట్టుమని ఎవ్వరికీ చెప్పలే. కంప్యూటర్ల సంగతి నాకు తెల్వదు, అందుకే ఇంతసేపు ఊకున్న. కానీ ఇది కంప్యూటర్ తక్లీఫ్ కాదు, లైన్ తక్లీఫ్. మన మాట, మీ నెట్ ఒకటే తీగల వస్తయ్. రెండింటిని ఇడదీసుటానికి ఫోన్‌కు ముందు ఒక ఫిల్టర్ పెట్టాలె. అది లేకుంటే ఫోన్ మోగినప్పుడల్లా నెట్ పడిపోతది. లినక్స్ అయినా అంతే, ఇంకోటైనా అంతే.”

“ఎట్లుంటది చాచా అది? ఎక్కడ దొరుకుతది?”

“దొరుకుడేంది, మోడెం డబ్బాలనే ఇస్తరు. అగ్గిపెట్టె అంత ఉంటది, తెల్లగ. ఒక దిక్కు బెత్తెడు తీగ, తోక లెక్క.”

కల్పలత అక్కడే నిలబడిపోయింది. తర్వాత మెల్లగా రాఘవేందర్ వైపు తిరిగింది.

“అన్నా. మోడెం డబ్బా విప్పిన రోజు నువ్వు నా పక్కనే ఉంటివి. తెల్లటిది, తోక ఉన్నది నా చేతికొచ్చింది. ఇదేందన్నా అంటే, ఎక్స్‌ట్రా పీసు చెల్లె, మన దేశంల పనికిరాదు అన్నవ్. అని జేబుల ఏసుకున్నవ్.”

రాఘవేందర్ రోడ్డు మీద పోయే బస్సును చూశాడు. బస్సు పోయింది. చూడటానికి ఇంకేం మిగల్లేదు.

“డబ్బాకు ఎన్నిస్తరు చాచా?”

“ఒకటే బిడ్డా.”

“ఆ ఇంట్ల ఫోన్లు రెండు,” అన్నాడు అజ్మత్, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. అతను పోట్లాటలకు దూరం. లెక్క తేలకపోతే మాత్రం నిద్రపోడు.

“అత్త ఫోన్‌కు ఒకటి తక్కువైంది,” అన్నాడు రాఘవేందర్ చివరికి. “ఆమె మాట్లాడినప్పుడల్లా నెట్ తెగుతుంటే తిరుమల్ నా మీదికి వస్తుండె. పెద్ద పనిమంతునివని పిలిస్తే గిదా అని. నీకున్నది ఒకటే ఫోన్ గదా చెల్లె, ఒక్కదానికి ఏమైతదిలే అనుకున్న.”

స్తంభం, అప్పడాలు, కర్నల్ పోగా, ఆ కథలో నమ్మదగ్గ మాట ఒకటి మిగిలింది. తిరుమలగిరిలో ఆ ఇంటి నెట్ నిజంగానే తెగడం లేదు.

“నా సిస్టం తుడుస్తనన్నవ్,” అంది కల్పలత. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

రాఘవేందర్ లేచి స్కూటర్ దగ్గరికి నడిచాడు. “నాలుగింటికల్లా తెచ్చిస్తా.”

“ఒంటిగంటకు.”

“సరే, ఒంటిగంటకే.” స్కూటర్ మీద కూర్చుని, కిక్ కొట్టబోయి ఆగాడు. అత్త గుర్తొచ్చినట్టుంది. “మరి నేను అది పీక్కొస్తే, ఆడ అత్త ఫోన్ మోగినప్పుడు ఎట్ల చెల్లె?”

“తడి తువాలు చుట్టమను,” అంది కల్పలత, షట్టర్ వైపు నడుస్తూ. “జెర పిండి.”